పద్దెనిమిది మాటలు

మొదట మరక అనుకున్నారట దాన్ని.
రిజిస్టరులో నాలుగు వందల పన్నెండో పేజీ అంచున
కాఫీ చుక్కో, పెన్ను కక్కిన సిరానో అని
యంత్రం పసుపు గీత గీసి పక్కన పెట్టింది.
తర్వాత ఎవరికో అనుమానం వచ్చింది,
మరకలు ఇంత గుండ్రంగా పడవు కదా అని.

అలా నన్ను పిలిచారు.

లీడ్స్‌లో, ఏర్ నది ఒడ్డున, ఒకప్పటి ఉన్ని గిడ్డంగి.
ఇప్పుడు నాలుగో అంతస్తులో లాయర్లు.
బయట వాన, ఎవరి మీదా కోపం లేని వాన.
బల్ల మీద చల్లారిన టీ,
తెర మీద మెదక్ దారిలో ఎక్కడో ఉన్న మందుల ఫ్యాక్టరీ,
అంటే, దాని తొమ్మిది వేల పేజీలు.
డెబ్బైనాలుగు శాతం కొంటున్నారు.
మిగతా ఇరవయ్యారూ ఎవరివని నేను అడగలేదు.

తలకట్లు నిండుగా పెట్టే చెయ్యి.
రాత్రి షిఫ్టులో, గ్లవ్ తీసి రాసి ఉంటాడు.

"మూడో రియాక్టర్ కాడ వాసన.
సాయవ్వకు కండ్లు తిరిగినయ్.
బ్యాచ్ ఆపొద్దన్నరు."

తొమ్మిది మాటలు.
ఇంగ్లీషులో పెడితే పద్దెనిమిదయ్యాయి.
వాసన సులువుగానే దాటింది సముద్రం.
కండ్లు తిరగడం దగ్గర కాస్త తడబడ్డాను:
అక్కడ కళ్ళు తిరగవు, తల తేలికవుతుంది,
తేలికైతే బాగున్నట్టే కదా.
చివరి మాటే మొరాయించింది.
ఆపొద్దన్నరు.
మన భాషలో ఆ మాటకు మనిషి అక్కర్లేదు,
క్రియ తోకలోనే దాక్కుంటాడు దొర.
ఇంగ్లీషు ఒప్పుకోదు, ముందు ఎవరో ఒకరిని నిలబెట్టాలి.
'వాళ్ళు' అని నిలబెట్టాను.

"వాళ్ళంటే ఎవరు?" అంది ఫిలిపా ఆక్రాయిడ్.
తెలీదన్నాను.
"ఈమె ఉద్యోగుల జాబితాలో లేదే?"
కాంట్రాక్టు మనిషై ఉంటుందన్నాను.
"తర్వాత ఏమైంది ఆమెకి?"
పేజీ తిప్పాను. నాలుగు వందల పద్నాలుగు.

కాసేపు కిటికీలోంచి నదిని చూసింది ఫిలిపా.
మా నానమ్మ అద్దకం మిల్లులో చేసేది, అంది.
సోమవారం ఎర్రగా, గురువారం నీలంగా పారేదట ఇది.
అన్నానికొచ్చి గోడ పట్టుకుని నిలబడేదట ఆవిడ,
ఇల్లు ఆగేదాకా.

అప్పుడే ఫోన్ మోగింది, లండన్ నుంచి.
స్పీకర్లో గొంతు హుషారుగా ఉంది:
మంచి పట్టు దొరికింది,
ఇరవై లక్షల పౌండ్లు తగ్గించమని అడుగుదాం.
ఫిలిపా నా వైపు చూడకుండా రాసుకుంది.

సాయవ్వా,
నీ కండ్లు తిరిగినందుకు
కొనేవాళ్ళకు ఇంత కలిసొచ్చింది.
గ్లాసెడు మంచినీళ్ళన్నా ఇచ్చారో లేదో
రాయలేదు ఆ పిల్లగాడు. అంచు అయిపోయింది.

మెట్లు దిగుతూ బిల్లు పంపాను.
మాటకు పద్నాలుగు పెన్నీలు,
రెండు పౌండ్ల యాభై రెండు.
కనీస రుసుము కాబట్టి ముప్పై ఇస్తారు.
పేర్లను అనువదించం, అయినా లెక్కలోకి వస్తాయి.
నీది ఒక మాట.

వంతెన మీద ఆగాను.
నది గోధుమ రంగులో, ఏ వారమో చెప్పకుండా పోతోంది.