నాలుగు మరలు

హడర్స్‌ఫీల్డ్‌లో శనివారం.
పడాలో వద్దో తేల్చుకోలేని వాన.
ఊరి చివర చెత్త యార్డులో
చిన్న కరెంటు సామాన్ల ఇనప తొట్టి దగ్గర
డెల్‌రాయ్ నన్ను చూసి నవ్వుతాడు:
"మళ్ళీ మీ పిల్లల్ని వెతుక్కోడానికా?"
ఇక్కణ్ణించి ఏదీ పట్టుకెళ్ళకూడదు.
అందుకే అతను అటు తిరిగి టీ తాగుతాడు.

తీగలు తెగిన హెయిర్ డ్రయ్యర్ల కింద
దొరికింది, తెల్ల రేడియో.
నేను గీసిందే.
ఆ గుండ్రటి అంచు కోసం
పదకొండు నమూనాలు పారేశాను.
అడుగున స్టిక్కరు మీద తయారైన నెల చూసి
వేళ్ళ మీద లెక్కేశాను:
ఎంత తిరగేసినా ఇరవయ్యారు నెలలు.
వారంటీ ఇరవై నాలుగు.

రాత్రి వంటింటి కత్తితో దాన్ని విప్పాను.
విప్పానంటే అబద్ధం, చీల్చాను.
అంతా జిగురు.
మర కనపడితే అందం చెడుతుందన్నప్పుడు
ఊగిన తలల్లో నాదీ ఉంది.

లోపల ఒక్క కెపాసిటర్,
చిటికెన వేలి గోరంత,
నెత్తి ఉబ్బి చచ్చిపోయింది.
తక్కినవన్నీ నిక్షేపంగా ఉన్నాయి.
గోరంత ప్రాణి పోయినందుకు
ఇంటిల్లిపాదినీ కాటికి పంపాం.

దాని బదులు మంచిది వేస్తే
ఎనిమిది పెన్నీలు ఎక్కువ.
ఈ ఊళ్ళో ఎనిమిది పెన్నీలకి ఏమొస్తుందో
ఆదివారమంతా దుకాణాలు తిరిగి చూశాను.
ఏమీ రాదు.

తరవాతి వారం డెల్‌రాయ్
వ్యాన్ వెనక తలుపు తీశాడు.
"ఇది చెత్తలోది కాదు, మా నాన్నది.
పెళ్ళిళ్ళకీ డాన్సులకీ మోసేవాడు.
మూగబోయింది. చూస్తావా?"
ఇద్దరం పట్టుకున్నా మోకాళ్ళు వణికే ఆంప్లిఫయర్.

వెనక రేకుకి నాలుగు మరలు.
ఏ ఇంట్లోనైనా ఉండే స్క్రూడ్రైవర్‌తో
నాలుగు నిమిషాలు.
రేకు లోపలివైపు పెన్సిలు రాతలు:

*వాల్వు మార్చాను. ఇ. సైక్స్, 1963.*
*ఫ్యూజు. ఆర్నల్డ్, మార్చి 71.*
*మళ్ళీ అదే ఫ్యూజు. మళ్ళీ ఆర్నల్డే. ఏప్రిల్ 71.*
*క్లైవ్ కొన్నాడు. జాగ్రత్తగా చూసుకో క్లైవ్.*
*గురుదీప్, 1989. గుయ్యిమనడం తగ్గింది.
పూర్తిగా కాదు.*

ఒకరి మొహం ఒకరు ఎరగని మనుషులు
ఒకే గిన్నెలో చేతులు కడుక్కున్నట్టు
ఆ ఇరుకు పెట్టెలో కలుసుకున్నారు.
టంకం కరిగే వాసనలో
కాసేపు నేనూ వాళ్ళతో కూచున్నాను.
రెండు కెపాసిటర్లు, విరిగిన ఒక తీగ, అంతే.
పలికింది.
గురుదీప్ నిజాయితీపరుడు,
ఆ గుయ్యి ఇంకా ఉంది.
పెన్సిలు చెక్కి నా పేరు రాశాను.
ఉద్యోగంలో చేరిన పన్నెండేళ్ళలో
నేను చేసినదాని మీద
నా పేరు రాయడం అదే మొదలు.

సోమవారం కొత్త రేడియో బొమ్మ తెర మీద పెట్టాను.
గ్రేమ్ కళ్ళజోడు సర్దుకున్నాడు.
"ఈ నాలుగు మరలూ ఎందుకు?"
మా భాషలో ఒక మాటుంది:
నాలుగు కాలాలపాటు ఉండాలి అని.
కాలానికొక మర.
అది అతని భాషలోకి ఎలా తేవాలో తెలీక
"విప్పడానికి" అన్నాను.
"ఎవరు విప్పుతారు?"
"ఇంకా పుట్టుండకపోవచ్చు."
ఎవరో నవ్వారు. గ్రేమ్ నవ్వలేదు.
మరలకీ కెపాసిటర్‌కీ కలిపి ముప్ఫై ఒక్క పెన్నీలని
తన కాగితం మీద రాసి చుట్టూ సున్నా చుట్టాడు.
కొట్టేయలేదు. ఒప్పుకోనూ లేదు.

తరవాత బొమ్మని పెద్దది చేసి
మూత లోపల వేలు పెట్టి చూపించాడు.
"ఇక్కడ నున్నగా కాకుండా
గరుగ్గా ఒక పలక వదిలావు.
లోగో కోసమా?"

"కాదు.
పెన్సిలు పట్టడానికి."