అరంగుళం వదులు

తుక్కు లారీలో వచ్చింది గాజువాకకి.
ఏ ఓడవాడు వదిలేశాడో తెలియదు.
గేదె కొమ్ముల్లాంటి వెడల్పు హ్యాండిలు,
మజ్జిగ రంగు, వెనక చక్రానికి స్ప్రింగు.
పద్దెనిమిది వందలకి బేరమాడి
కంచరపాలెం దాకా నడిపించుకొచ్చాను.
టైర్లలో గాలి లేదు.

ఇంజను ముందే ఉంది నా దగ్గర.
రైల్వే క్వార్టర్లలో గడ్డి కోసిన మిషనుది.
కొబ్బరి బోండామంత.
తాడు లాగితే తుమ్ముతుంది,
మూడోసారి లాగితే తిడుతుంది.

మామూలు సైకిలుకైతే మూడు గొట్టాల మధ్య
పొట్టలో చోటుంటుంది.
దీనికి ఆ చోట్లో స్ప్రింగు కూర్చుంది,
సింహాచలం బస్సులో కిటికీలోంచి తువ్వాలు విసిరి
సీటు ఆపుకున్నవాడిలా.
లేవదు. జరగదు.

ముందు గొట్టానికే కట్టాను ఇంజన్ని,
పాత ట్యూబు ముక్క చుట్టి, యూ బోల్టులు బిగించి.
అక్కణ్ణుంచి వెనక చక్రానికి పొడుగాటి గొలుసు.
ఊర్వశి జంక్షన్లో మొదటి స్పీడు బ్రేకరు.
చక్రం లేచింది, గొలుసు వదులైంది.
చక్రం దిగింది, గొలుసు బిగిసింది.
మళ్ళీ లేచేసరికి
గొలుసు రోడ్డు మీద,
నేను గొలుసు మీద.

ఎల్లాజీ పంచరు షాపులోంచే అరిచాడు:
"ఆ స్ప్రింగు పీకీసి ఇనప ముక్కెట్టి
ఎల్డింగు కొట్టీ బావూ, గొడవొదిలిపోద్ది!"

నిజమే.
కదిలేదాన్ని కదలకుండా చేసేస్తే
చాలా గొడవలు వదిలిపోతాయి.
కానీ నా నడుములో ఒక ఎముకుంది.
షిప్‌యార్డులో నిచ్చెన జారిన రోజు నుంచీ
ఈ ఊరి గతుకులన్నిటికీ పద్దు రాస్తోంది.
స్ప్రింగు లేకపోతే ఈ బండెందుకు నాకు?

షట్టరు కప్పీ ఒకటి, తలుపు స్ప్రింగు ఒకటి తెచ్చి
గొలుసుని కిందకి లాగి పట్టుకునేలా అమర్చాను.
వానాకాలం వచ్చేదాకా బాగానే పట్టుకుంది.
తర్వాత ఉప్పుగాలి దాని సంగతి చూసుకుంది.
మూడు నెలలయ్యాయి అప్పటికి.
మా ఆవిడ ఇంజను మీద బట్టలు ఆరేసింది.

లేతు షెడ్డు జమాల్ సాబుకి ఒక కంట్లో శుక్లం.
చూడలేదు ఆయన, తాకాడు.
వెనక చేతిమీద అరచెయ్యి ఆనించి
నొక్కాడు, వదిలాడు, నొక్కాడు.
చాలాసేపు. టీ చల్లారిపోయింది.
"ఇంజన్ని బాడీకెందుకు కట్టావు?
ఈ చేతిమీదే కట్టు. చక్రంతో పాటు దాన్నీ ఊగనీ.
అప్పుడు రెంటికీ మధ్య దూరం మారదు కదా."

దూరం మారదు కదా!
లేతు పనికి మూడొందలు తీసుకున్నాడు.
మాటకి తీసుకోలేదు.

అయిదు మిల్లీమీటర్ల రేకు కోశాను.
రెండు కన్నాలు తప్పు పడ్డాయి,
రంగు వేసినా కనబడతాయి, ఉండనిచ్చాను.
గొలుసుకి అరంగుళం వదులు వదిలాను.
మరీ బిగిస్తే పళ్ళు అరుగుతాయి,
మరీ వదిలితే దూకేస్తుంది.
ఈ కొలత ఏ టేపుతోనూ తీయరు,
వేలితో నొక్కి చూస్తారు.

బరువంతా వెనక్కి చేరింది.
గతుకులో ఇదివరకటంత మెత్తన లేదు,
అబద్ధమెందుకు.
పద్దు రాస్తూనే ఉంది ఎముక,
కాకపోతే చిన్న అక్షరాల్లో.

ఆదివారం, పోలీసులింకా నిద్ర లేవకముందే,
జోడుగుళ్ళపాలెం దాటి ఎత్తుకి ఎక్కించాను.
కుక్కలు వెంటపడ్డాయి, వెనకబడ్డాయి.
తెన్నేటి పార్కు మలుపులో
కుడివైపు సముద్రమంతా ఒక్కసారి కనబడ్డప్పుడు
రెండుసార్లు దగ్గి ఆగిపోయింది ఇంజను.
పెట్రోలు. సీసా ఇంట్లోనే మరిచాను.

అక్కణ్ణుంచి పల్లమే.
చప్పుడు లేకుండా దిగాను.
స్ప్రింగు ఒక్కటే
కిర్రుమంటూ, ఆగుతూ, కిర్రుమంటూ.

కింద, చేపల గంప దించుకుంటూ ఒకామె అడిగింది:
"ఏటిది బావూ, సైకిలా, మోటరా?"
ఇంకా తేలలేదన్నాను.

దిగి గొలుసు మీద వేలు పెట్టాను.
కాలింది.
మళ్ళీ పెట్టి నొక్కాను.
అరంగుళమే ఉంది.