మూడో గీత

రాత్రి ఒకటిన్నర. ఇకితోస్‌లో వాన
రేకుల కప్పు మీద గులకరాళ్ళు గుమ్మరిస్తోంది.
మూడు చక్రాల మోటోకార్రో నడిపే విల్డర్ షుపింగావా
తన బండిలో తానే సవారీగా వచ్చాడు.
హ్యాండిల్ పట్టుకుని తోలింది భార్య నేలిదా.
ముప్పై తొమ్మిది పాయింట్ ఆరు.
కళ్ళ వెనక ఎవరో మేకులు దిగ్గొడుతున్నారట.
ఎముకలన్నీ విప్పి, మళ్ళీ తప్పుగా బిగించారట.

"డాక్టరమ్మా, ఒక ఇంజెక్షన్ పొడిచెయ్యండి.
బలమైనది. పొద్దున్నే బండి తీయాలి."

బలమైనది.
ఆ మాట ఈ ఊళ్ళో మందుల షాపు గాజుబల్ల మీద
విడివిడిగా దొరుకుతుంది.
సగం ఎరుపు, సగం పసుపు. రెండే కావాలన్నా ఇస్తారు.

అతని ఊపిరులు లెక్కపెట్టాను,
నిమిషం నిండా, గడియారాన్ని మోసం చేయకుండా.
పద్దెనిమిది.
మెడ వంచమన్నాను, వంచాడు.
ఈవేళ ఏ వారం అంటే
"మామ వచ్చి అప్పు అడిగిపోయాడు, కాబట్టి ఆదివారం కాదు" అన్నాడు.
మతి కుదురుగానే ఉంది.
గోరు నొక్కి వదిలితే
రెండు లెక్కపెట్టేలోగా నెత్తురు ఇల్లు చేరింది.
గొంతు, చెవులు, ఊపిరితిత్తులు, పొట్ట,
కాలివేళ్ళ సందులు.
జ్వరం దాక్కోగల ప్రతి గదీ తలుపు తట్టి చూశాను.
మలేరియా గాజుపలకలో ఏమీ లేదు.
డెంగీ పట్టీ మీద మాత్రం రెండో గీత
సిగ్గుపడుతూ తేలింది.

చీటీ రాశాను.
ఒకటి: పారాసెటమాల్.
రెండు: నీళ్ళు, గ్లాసులు లెక్కపెట్టి.
మూడు అని అంకె వేసి ఆగిపోయాను.
చేతికి అలవాటు.
అంకె పడ్డాక మందు పడాలని దాని కోరిక.

నేలిదా ఆ ఖాళీ చూసింది.
"మూడోది?"
"లేదు."
"ఇంత వానలో వచ్చింది నీళ్ళు తాగమనిపించుకోవడానికా?"

ఆ మందుకి ఈ జ్వరం చిరునామా తెలియదన్నాను.
ఆగని వాంతులు, కడుపునొప్పి, చిగుళ్ళలో నెత్తురు, మగత,
ఏదొచ్చినా వానని చూడొద్దన్నాను.
జ్వరం దిగిందని మురిసిపోవద్దు,
అసలు కాపలా అప్పుడే అన్నాను.
ఎల్లుండి రక్తం చూపించుకు తీరాలన్నాను.
చేపకి డబ్బిచ్చి
ఆకు మాత్రం ఇంటికి మోసుకెళ్తున్నట్టు వెళ్ళింది.

నాలుగింటికి బెలేన్ నుంచి
నీళ్ళ మీద తేలే ఇంటి నుంచి
దోన్యా ఎర్లిందా మురయారిని పడవలో తెచ్చారు.
డెబ్బై ఒకటి.
"జ్వరం లేదు, ముప్పై అయిదున్నర" అన్నాడు కొత్త కుర్రాడు,
గండం గడిచినట్టు.
ఊపిరులు ముప్పై రెండు.
కొడుకుని ఎవరి పేరుతోనో పిలుస్తోంది.
మోకాళ్ళ మీద చర్మం పాచిపట్టిన పాలరాయి.
రెండు సీసాల్లోకి నెత్తురు తీశాం, కల్చర్‌కి.
ఆ వెంటనే మందు వేలాడదీశాం.
చీటీ తర్వాత రాసుకున్నాం.
ఆవిడకి మూడో గీతే మొదటి గీత.

మూడో రోజు ల్యాబ్ కాగితం వచ్చింది.
తొమ్మిది మందుల పేర్లు.
లొంగదు. లొంగదు. లొంగదు.
ఎనిమిదిసార్లు చదివి, తొమ్మిదోదాన్ని
వేలితో గట్టిగా నొక్కిపట్టాను, జారిపోతుందేమోనని.

కొడుకు బిస్కెట్ డబ్బా తెచ్చాడు. నిండా రంగురంగుల గొట్టాలు.
"ఏ జ్వరమొచ్చినా నాలుగు మింగి, మిగిలినవి దాచుకునేది.
పొదుపు మనిషి" అన్నాడు.
నేను అతని వైపు చూడలేకపోయాను.
వాటిలో కొన్ని
మా ఆస్పత్రి కవర్లలోనే ఉన్నాయి.

ఆ సాయంత్రమే నేలిదా వచ్చింది.
విల్డర్ వెనక సీట్లో, ఒళ్ళంతా ఎర్రటి దద్దు,
గోక్కుంటూ, తిట్టుకుంటూ.
ప్లేట్‌లెట్లు దిగి, ఒక మెట్టు మీద కూర్చున్నాయి.
చీటీ ఇవ్వమన్నాను.
తడిసి ఆరి అప్పడంలా అయింది.
మూడు పక్కన ఖాళీ లేదు.
సన్న పెన్సిల్‌తో, అంచులు దాటి వెనక్కి తిరిగి:

అయిదు గ్లాసులు. మళ్ళీ అయిదు.
ఒంటికి నాలుగుసార్లు వెళ్ళాడు.
రాత్రి రెండింటికి చిగుళ్ళు చూశా. తెల్లగానే.
మామ అప్పుకి వచ్చాడు. పంపేశా.