ఉప్పు లేని నీళ్ళు

ముహర్రఖ్‌ల ఉమ్ జాసిమ్ ఇంటికి
ఏసీ బాగుచెయ్యపోయిన రోజు
నా కన్ను ముందు పడ్డది మిషన్ మీద కాదు,
మెట్ల కింది కుండీ మీద.
ఆకుల కొసలన్నీ
బీడీతోని చురకలు పెట్టినట్టు మాడి ఉన్నయి.

రోజూ పోస్తనే ఉన్న అన్నదామె, చేతులు తిప్పుకుంట.
నల్లా విప్పి ఒక చుక్క నాలిక మీద వేసుకున్న.
అమ్మా, పోస్తున్నవు గనుకనే.

నేల ఆర్కిడ్ అది.
కొమ్మను పట్టుకొని వేలాడే జాతి కాదు,
మట్టిల నిలబడి బతికేది.
వానలు తెగకుండ కురిసే దీవులల్ల పుట్టింది
ఇక్కడికెట్ల వచ్చిందో నేను అడగలేదు.
నన్నూ ఎవరూ అడగలేదు.

ఎండిన మూడు గడ్డలు పీకి
చెత్తల వెయ్యమని నా చేతిల పెట్టింది.
ముడుతలు పడ్డ చామగడ్డల తీరు. ఆకు లేదు, వేరు లేదు.
స్క్రూల డబ్బాల వేసుకొని గుదైబియా రూముకు తెచ్చిన.
"పులుసు పెడ్తవా?" అన్నడు రాజలింగు.

కబాబుల దుకాణం వెనక బొగ్గు, మూడుసార్లు కడిగి.
మలబారాయన కొట్టు ముందర పారేసిన కొబ్బరి పీచు,
రెండు దినాలు నానబెట్టి, పిండి, మళ్ళ నానబెట్టి,
ఎందుకంటే దాంట్ల కూడా ఉప్పుంటది.
ఇసుక వద్దనను, ఇక్కడి ఇసుక వద్దు.
అది ఇంకా సముద్రాన్ని మరువలేదు.
గడ్డను పాతిపెట్టొద్దు.
సగం లోపల, సగం బయట,
నడుముల దాకా చెరువుల దిగినోని లెక్క.

ఇగ నీళ్ళు.
మా బిల్డింగుకు ముప్పై ఆరు ఏసీలు.
గోడల మీద పాచిగీతలు గీసుకుంట
పొద్దుమాపు కారుతనే ఉంటయి.
నెత్తి మీద పడితే అందరు తిట్టే ఆ చుక్క
ఈ ఊరి ఉక్కపోతను పిండితే వచ్చింది. ఉప్పు లేదు.
సముద్రం అడుగున తీపి ఊటలుండేవట,
ముత్యాలకు పోయినోళ్ళు మునిగి
తోలుసంచులల్ల నింపుకునేటోళ్ళట, ఉమ్ జాసిమ్ తాత చెప్పేటోడట.
నేను మునగలేదు.
పైపు కింద డబ్బా పెట్టిన.

కాయిల్ కడిగిన దినం ఆ నీళ్ళు పట్టొద్దు, మందు ఉంటది.
బయటి ఫ్యాను ఊపిరి తగలనియ్యొద్దు.
ఇదంతా తెలిసినోన్నే,
ప్రేమ ఎక్కువై ఒక గడ్డను మురగబెట్టిన.
మెత్తగ, ఈగలు వాలి, వాసన.
రెండు మిగిలినయి.

యాభై రోజులకు ఒకదాని పక్క నుంచి ఆకు.
ఇస్త్రీ చేసిన దోవతి కుచ్చిళ్ళ తీరు మడతలు.
"ఈత మొలక రా ఇది, కల్లు గీద్దామా?"
రాజలింగు నవ్వుడే నవ్వుడు.
పరంజాకు కట్టే పచ్చవల రెండు మడతలు వేసి నీడ పట్టిన.
పొద్దుటి ఎండ రెండు గంటలు, అంతకు మించి ఇయ్యలేదు.
మడతల్ల నీళ్ళు నిలిస్తే గుడ్డకొసతోని అద్దిన,
పసిపిల్ల చెవి తుడిచినట్టు.

అక్టోబర్ల కాడ లేచింది.
బీట్‌రూట్ కోసిన చేతుల రంగు పూలు,
కిందిది వాడుతుంటే మీదిది విచ్చుకుంట,
తొందర లేని చెట్టు.
రాజలింగు డ్యూటీకి పోయేముందు
ఎన్ని విచ్చినయో లెక్కపెట్టిపోతున్నడు.
నాకు తెలియదనుకుంటున్నడు.

నవంబర్ల చల్లగాలి తిరిగింది.
ఒక్కొక్క ఏసీ బందైంది.
ముప్పై ఆరు పైపులు ఎండినయి.
మంచం కింద పదకొండు డబ్బాలు దాచిన, రూమంత గొణిగింది,
కాళ్ళకు తగులుతున్నయని.
జనవరికి తొమ్మిది ఖాళీ.

ఒకనాటి రాత్రి టకటక రేకుల మీద చప్పుడు.
వాన.
అందరు డాబా మీదికి ఉరికిన్రు, ఆరేసిన బట్టల కోసం.
నేను కుండీ ఎత్తుకొని ఉరికిన.
మెట్ల మలుపుల రాజలింగు ఎదురొచ్చిండు,
నెత్తి మీద బిర్యానీ గంజు బోర్లించుకొని,
"పైనుంచి ఇంకోటి పెట్టొచ్చిన, నిండుతున్నది,
జెల్ది మూతలు తే" అన్నడు.