మచ్చకాయ పైన

టోకెన్ల ఫోను పొద్దున ఆరుకు తెరుస్తారు,
ఆరూ పదికి మూసేస్తారు.
అందుకే అయిదూ యాభై ఎనిమిదికే
నిమ్మకాయ గోతాల మీద కూర్చుని
బొటనవేలు నంబరు మీద పెట్టుకున్నా.
బిజీ. బిజీ. మళ్ళీ బిజీ.
పదిహేడో తూరికి జిలానీ పలికాడు,
నిద్ర ఇంకా దిగని గొంతు.
పేరు? పెంచలమ్మ.
ఊరు? పొదలకూరు.
ఏం ఇబ్బంది?
చుట్టూ హమాలీలు. మండీ గుమస్తా చెవి ఇటే ఉంది.
నీరసం, అన్నా.
"ఇరవై నాలుగు. పదకొండుకల్లా పొగతోటలో ఉండాల."

పోయిన తూరీ నీరసమనే చెప్పా.
నాలుగు నిమిషాలు. బలానికి మాత్రలు.
డాక్టరమ్మ తప్పేముంది,
గోతాం మూతి కాడ ఏది కనపడితే
దానికే కదా ధర కడతారు.

మస్తాన్‌బీ, నేనూ పద్దెనిమిదేళ్ళుగా
ఎదురెదురుగా కూర్చుని కాయ ఏరతా ఉండాం.
దానికి మాత్రమే తెలుసు,
అదీ నేను చెప్పలా, నడక చూసి కనిపెట్టింది.
"మే, నవనవలాడే కాయ పైన పేర్చడం
మనకు చేతికి పట్టేసింది.
యాపారికి అట్టా చూపించు.
డాక్టరమ్మకు మాత్రం మచ్చకాయే పైన పెట్టు.
అడుగున పెట్టావా,
అక్కడిదాకా ఆమెకు చెయ్యి పెట్టే తీరిక ఉండదు."

ఆ రాత్రి తూకం చీటీ వెనక రాసుకున్నా.
మోకాళ్ళు.
లేస్తే కళ్ళు తిరగడం.
బీపీ బిళ్ళ పూటకా, రోజుకా?
నాలుగోది రాయడానికి అక్షరం రాలా.
చుక్క పెట్టి ఊరుకున్నా.

ముట్టు నిలిచి మూడేళ్ళు.
దసరా పోయినాక మళ్ళీ కనపడింది.
కనపడిన రోజల్లా
క్యాలెండర్లో తేదీ కింద పెన్సిల్ చుక్క.
ఇవేందే అన్నాడు మా ఆయన.
పాలు పోయని రోజులన్నా.
ఆయన నిజమే అనుకుని
వెంగయ్యతో వీధిలో గొడవ పడి
తొమ్మిది రోజుల డబ్బు కోసుకున్నాడు.
తలుపు చాటున నిలబడి అంతా విన్నా.
నోరు తెరవలా.

గాంధీబొమ్మ కాడ బస్సు దిగా.
ఒక చేతిలో మందుల కవరు, ఖాళీ అట్టలతో సహా,
చంకలో చుట్టిన క్యాలెండరు.
దేవుడి పటం ఎక్కడికి తీసకపోతున్నావని
ఎవరో ముసలాయన నవ్వాడు.
పదకొండుకు రమ్మన్నారు కదా,
ఒంటిగంటకు కూడా పంతొమ్మిదో నంబరే లోపల.
చీటీ తీసి చదువుకుంటా, మడుస్తా,
చెమటకు మోకాళ్ళు చెరిగిపోయినాయి.
చుక్క మాత్రం అట్టే ఉంది.

"చెప్పమ్మా."
నాలుక అలవాటుగా నీరసం వైపే తిరిగింది.
నీ... అని ఆగిపోయా.
బల్ల మీద క్యాలెండరు పరిచా.
చివరలు చుట్టుకుపోతుంటే
ఒక వైపు ఆమె బీపీ మిషను పెట్టింది,
ఇంకో వైపు నా చెయ్యి.
"ఇది పాల లెక్కమ్మా?"
ఇంట్లో అట్టా చెప్పా.
ఇది పాలు కాదు.

ఆమె కలం మూత పెట్టింది.
చుక్కల్ని వేలితో లెక్కబెట్టింది,
అక్టోబరు, నవంబరు, డిసెంబరు.
ఎంత? నొప్పి ఉందా? ఇంట్లో ఎవరికన్నా ఉండిందా?
అడిగిన ప్రతిదానికీ నా కాడ జవాబు ఉంది,
నాకే ఆశ్చర్యం.
శుక్రవారం స్కానింగు, పరగడుపున కాదు, నీళ్ళు తాగి రావాల.
లోపల నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు.
పది రోజులు.
ఏమీ కాకపోవచ్చు, అయినా వదలకూడదు.
వేలంలో ధర తిప్పి పలికినట్టు
మొత్తం ఆమెకే తిప్పి చెప్పా.
నీళ్ళు దగ్గర తప్పాను, దిద్దింది.
గడియారం చూడలా నేను. ఆమె కూడా.

బయటికొచ్చాక గుర్తొచ్చింది,
మోకాళ్ళ సంగతి అడగనే లేదు.
బీపీ బిళ్ళ సంగతి జిలానీ లోపలికి పోయి కనుక్కొచ్చాడు:
రోజుకొకటే.

సందేళకు వెంగయ్య పాలు పోస్తుంటే
కొంగుముడి విప్పి
తొమ్మిది రోజుల డబ్బు గిన్నె పక్కన పెట్టా.
"ఇప్పుడెందుకు అక్కా?"
ఆ రోజుల్లో పాలొచ్చినాయి వెంగయ్యా,
నేనే తప్పు చెప్పా.
లోపల మా ఆయన టీవీ ఆపాడు.