ఆరు లెక్కల దీర్ఘం

మార్కాపురం గనుల్లో నాయన రాయి చీల్చేవాడు.
ఉలి ఆనించి, సుత్తితో ఒక్క తాటు తాటించి
చెవి ఒగ్గేవాడు.
టక్ అంటే పొర విడుద్ది,
టుప్ అంటే రాయి చచ్చినట్టు.
"పలక కళ్ళతో కాదు పాపా, చెవితో పుడుద్ది."

ఆ చెవితోనే ఖురానూ నేర్చాడు.
మేం దూదేకులోళ్ళం, ఇంట్లో తెలుగు,
కోపమొచ్చినా తెలుగే.
అరబ్బీలో ఒక్క ముక్కకూ అర్థం తెలీదు,
అయినా గొంతు లోతున పుట్టే ఖాఫ్‌ని
కాస్త ముందుకు పుట్టే కాఫ్‌తో
ఒక్కనాడూ కలిపి ఎరగడు.
ఆ ఒక్కటి జారితే
గుండె కాస్తా కుక్కవుద్దని
హాఫిజ్ ఇనాయతుల్లా భయపెట్టి ఉన్నాడు.

ఒక రాత్రి ఖాజావలి ఫోనులో
మొరాకో గొంతేదో ఫాతిహా చదువుతుంటే
నాయన ఉలిక్కిపడ్డాడు:
"మాలికి అనాల్సిన చోట మలికి అన్నాడే!
దీర్ఘం మింగేశాడు.
దిద్దే దిక్కు లేదా ఆ ఊళ్ళో?"

శుక్రవారం తర్లుపాడు నుంచి సైకిలు మీదొచ్చిన హాఫిజ్
పలక అడిగాడు. మా ఇంట్లో వాటికి కరువా.
మూడక్షరాలు రాశాడు: మీమ్, లామ్, కాఫ్.
పైన గీతా లేదు, కింద గీతా లేదు.
"మొదట్లో ఇంతే రాసేవాళ్ళు, దస్తగిరీ.
మిగతాది నోటి నుంచి చెవికి.
మీమ్‌ని సాగదీస్తే తీర్పు దినానికి యజమాని,
సాగదీయకుంటే రాజు.
రెండూ గురువులు అప్పజెప్పినవే."

యజమాని అంటే మాకు తెలిసింది ఫ్యాక్టరీ సేటు.
నాయన మనసు రాజు వైపే మొగ్గిందనుకుంటా.

"మరి చివరి కి?" అన్నాను,
అప్పుడే బళ్ళో గుడులూ కొమ్ములూ దిద్దుతున్న దాన్ని.
"అది కదలదు. పైనున్న లిల్లాహి వెనకే నడిచే మాట,
దాని జేరే దీనికీ.
మీ గుడి అక్షరం నెత్తినుంటది,
మా జేర్ కాళ్ళ కింద."

కాళ్ళనగానే వజూ ఆయతు గుర్తొచ్చిందాయనకు.
"అందులో కాళ్ళ మాటకు జబర్ పెడితే
అది ముఖం వెంట పోద్ది, కడగాలి.
జేర్ పెడితే తల వెంట పోద్ది,
తడిచెయ్యి నిమిరితే చాలన్నట్టుంటది.
పండితులు వందల ఏళ్ళు కొట్లాడుకున్నారు."
వాకిట్లోంచి అమ్మ:
"ట్యాంకరొచ్చి ఆరు రోజులైంది,
ఆ జేరేదో గట్టిగా పెట్టండి సామీ."
హాఫిజ్ నవ్వి, అరచెంబు నీళ్ళతో
మడమల దాకా కడుక్కునే లేచాడు.

నాయన ఆ పలక అంచు తడిమి చూశాడు.
"ఒక రాయి చీలిస్తే రెండు పలకలు.
ఒకటి దొంగదంటామా?"

ఇది చాలా ఏళ్ళ మాట.

ఇప్పుడు నాయన రొమ్ములో రాతిపొడి.
గుడ్డయినా కట్టుకోని ముప్పయ్యేళ్ళు.
ఈ మధ్య దమ్ము చాలక
మాలికిని మలికి చేస్తున్నాడు.
తప్పేమో కనుక్కోమన్నాడు నన్ను, మొహం చాటేసి.
హాఫిజ్ ఇప్పుడు మంచంలోంచి మాట్లాడతాడు:
"అదీ వచ్చిన దారే.
మొదలెట్టిన దారిలోనే చివరిదాకా పొమ్మను.
కానీ వలద్దాల్లీన్ దగ్గర
పదిమంది ఖారీలదీ ఒకటే మాట.
ఆరు లెక్కలు. తగ్గింపు లేదు."

మగ్రిబ్ వేళ నాయన కుక్కిమంచం అంచున కూర్చుని
వేళ్ళు మడుస్తూ సాగదీస్తాడు.
ఒకటి, రెండు, మూడు.
నాలుగో వేలు దగ్గర దగ్గు తెగబడుద్ది.

మిగతా రెండు వేళ్ళూ
నేను మడుస్తాను.