పీతకన్నం

నాలుగే కన్నాలు.
బొడ్డులో ఒకటి, ఎడంపక్క రెండు, కుడిపక్క ఒకటి.
చిటికెనవేలి గోరంత.
"పొట్ట కొయ్యనే లేదంటగా, ఇంక మంచమెందుకు?"
అంది మా ఆడపడుచు, బిందె నా వైపు తోసి.

బిందె మా ఆయన ఎత్తుకుపోయాడు.
ఏమీ అనలేదు. ఆయన లస్కరు.
ఇరవై రెండేళ్లుగా రాత్రిళ్లు టార్చి వేసుకుని
కాలవగట్టు మీద తిరిగే మనిషి.
వరదొచ్చి గట్టు తెగిందని ఊరంటుంది.
అంతకు ముందే ఎక్కడో ఓ పీతకన్నం ఉంటుందని
ఆయనకి తెలుసు.

అమలాపురం ఆసుపత్రిలో నర్సు మేరీ కరుణ
నన్నొదిలేసి ఆయన్ని పక్కకి పిలిచింది.
బయట నాలుగు, లోపల ఇంకోటుంది,
గర్భసంచి తీసినచోట వేసిన కుట్టు,
అది నీ కంటికి ఆనదు.
ఆరు వారాలు బరువెత్తనివ్వకు,
కాలవలో మునగనివ్వకు,
నువ్వూ దూరంగా పడుకో.
ఆయన చెవులు ఎర్రబడ్డం
మందుల షాపు దగ్గర్నించి చూశాను.
ఆ రాత్రే నులకమంచం వసారాలోకి లాక్కున్నాడు.

అత్త పసుపు నూరి తెచ్చింది, కొబ్బరినూనెలో.
పొయ్యిబూడిదైనా మంచిదేనంది.
"పైన బురద మెత్తితే కన్నం పూడదమ్మా,
లోపల నీరు తొలుస్తానే ఉంటది"
అని గిన్నె అవతల పెట్టేశాడు.
మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని
ఉతికి ఆరేసిన పంచెముక్కతో
అద్దేవాడు, తుడిచేవాడు కాదు.
పత్యమని కారప్పొడి అన్నం కలపబోతే
రెండు గుడ్లు ఉడకేసి కంచంలో పెట్టాడు.
దగ్గొస్తే దిండు పొట్టకి హత్తుకోమనేవాడు.

నీటిమట్టం రాసే పుస్తకంలో
ఎడం పేజీ కాలవకి, కుడి పేజీ నాకు.
అటు అడుగులు, అంగుళాలు.
ఇటు జ్వరం, షుగరు,
"ఇవాళ దొడ్డికెళ్లింది" అని కూడా.
చదివి నవ్వాను. నవ్వితే కుట్లు లాగాయి.

తొమ్మిదో రాత్రి
బొడ్డు దగ్గర టార్చి ఆగిపోయింది.
చెమ్మ. చుట్టూ కందిన ఎరుపు.
ఊట పడ్డచోట వెదురుపుల్ల పాతినట్టు
ఎరుపు చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీశాడు.
"తెల్లారేసరికి ఇది దాటితే వెళ్తన్నాం."
ఇద్దరం నిద్రపోలేదు.
ఆ సంగతి ఒకరికొకరం చెప్పుకోలేదు.

తెల్లారింది.
అర అంగుళం దాటింది.

మొదటి బస్సు. కుదుపు కుదుపుకీ
నా నడుం వెనక ఆయన చెయ్యి.
డాక్టరమ్మ ఒక కుట్టు విప్పి చీము తీసి కడిగింది.
షుగరు రెండొందల నలభై. మాత్ర మార్చింది.
లోపలి కుట్టు చూసి, గట్టిగానే ఉందంది,
రెండ్రోజులాగి వస్తే ఈ మాట అనేదాన్నో లేదో అంది.
"ఈ గీత ఎవరు గీశారు?"
ఆయన గుమ్మం బయట
తన చెప్పులు చూసుకుంటున్నాడు.

ఇవాళ్టికి నలభయ్యో రోజు.
కన్నాలు మానాయి, మినపగింజల్లాంటి మచ్చలు.
డ్యూటీకి పోతూ గుమ్మంలో ఆగి
టార్చి ఆర్పి అడిగాడు:
"లోపలిదెలా ఉంది?"

ముగ్గుర్ని కన్నప్పుడు అడగని మాట.
నెలకి పదిహేను రోజులు నెత్తురు పోయిన
మూడేళ్లూ అడగని మాట.
ఏం చెప్పాలో తెలీక
"లీకేం లేదులే" అన్నాను.

తలూపి గట్టెక్కాడు.
చాలా దూరం దాకా ఆ వెలుగు
నేలమీదే వెతుక్కుంటూ పోయింది.